బరువు చూసి తెచ్చిన చార్జర్లు

ఆ ఎండాకాలం కొమురమ్మ లెక్క ప్రకారం నేను బోరబండలో లేను.

కొమురమ్మ ఇంటి ఓనరు. పైన తనుండి, కింద రెండు పోర్షన్లు కిరాయికిచ్చింది. ఒకదాంట్లో మా బాపు తమ్ముడు భాస్కర్ కాక, వాసంతి చిన్నమ్మ ఉండేవారు. "ఇద్దరంటేనే ఇచ్చిన. చుట్టాలు గిట్టాలు అంటే నా బోరు ఒప్పుకోదు," అని ఇల్లిచ్చిన నాడే చెప్పిందట. నేను ఇంటర్ పరీక్షలు రాసి, డిగ్రీ హాస్టల్ తెరిచేదాకా ఉండడానికి ఒక సంచితో దిగాను. మరునాడు పొద్దున కాక, చిన్నమ్మ పనులకు పోతూ తలుపుకు బయటినుంచి తాళం వేశారు. తాళం వేలాడుతుంటే లోపల ఎవరూ లేనట్టే కదా.

"ఫికర్ చెయ్యకు ప్రవళ్ళీ, హాస్టల్ తెరిచేదాకనే," అన్నాడు కాక. "బిందె చప్పుడు కానియ్యకు. పైన ముసల్దానివి పాముచెవులు."

చప్పుడు చేయకుండా ఉండడం నాకు కొత్త కాదు. మా ఊరి బడిలో హాజరు పిలిస్తే నా గొంతు సారుదాకా పోయేది కాదు. పక్కపిల్ల లేచి "ఉంది సార్" అనేది.

గది ఒక్కటే. మూలకు వంట, దాని పక్కన బాత్రూం. ఉన్న ఒక్క కిటికీని కూలర్ మింగేసింది. వెనక గోడలో ఇంకో తలుపు ఉంది. అది పక్క పోర్షన్‌లోకి. ఒక ఇంటిని రెండుగా చేసి కిరాయికిచ్చినప్పుడు మిగిలిపోయిన తలుపు. మా వైపు ఒక గడియ, అటువైపు ఒక గడియ. కాక దానికి సరుకు అట్టపెట్టెలు ఆనించి పెట్టాడు.

నేను రోజూ డైరీ రాస్తాను. ఆ గదిలో రాయడానికి ఏమీ జరగదు కాబట్టి గోడ అవతలి చప్పుళ్ళు రాసేదాన్ని. పక్క పోర్షన్‌లో ఎలిజబెత్ అనే నర్సు ఉండేది. ఏలూరు వైపు మనిషి, మదీనాగూడలో ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. ఎండ ఎక్కే వేళకు వచ్చి, స్టీలు గిన్నెలో ఏదో కలుపుకొని తిని, చిన్నగా ప్రార్థన చేసుకొని పడుకునేది. ఆమె ప్రార్థనలో వార్డులో రోగుల పేర్లు వచ్చేవి. ఒక పేరు రెండు రోజులు వినిపించి మూడో రోజు రాకపోతే, ఇంటికి పోయాడో, లోకం విడిచిపోయాడో తెలియక నాకు అన్నం దిగేది కాదు. ఆమెకు నేనున్నట్టే తెలియదు.

*

కాక హైటెక్ సిటీ మెట్రో మెట్ల కింద బండి పెట్టేవాడు. చార్జర్లు, వైర్లు, ఇయర్‌ఫోన్లు, ఫోన్ కవర్లు. కొనేది డెలివరీ అన్నలు, సెక్యూరిటీ వాళ్ళు, ఇంటి దగ్గర చార్జర్ మరిచిపోయి వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్ళు.

"ఉత్తగ కూసుంటే పిచ్చిలేస్తది. ఇటు రా, పని నేర్పుత," అని ఒక ఆదివారం నన్ను నేల మీద కూర్చోబెట్టాడు. ముందు ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఒక పాత ఫోను, అగ్గిపెట్టెంత మీటరు.

"పిన్నులు పెట్టినప్పుడు గట్టిగ కూసోవాలె. వదులుగుంటే నిప్పురవ్వలొస్తయి. మీటర్ల ఐదు వోల్టుల దగ్గర నిలవడాలె, మేకపిల్ల లెక్క ఎగురొద్దు. అన్నం ఉడికేదాక ఉంచి చెయ్యి పెట్టి చూడు. వెచ్చగుంటే మంచిదే. చుర్రుమంటే పక్కకెయ్యి."

"మరి ఫోన్ తెర ఎందుకు చూడాలె కాకా?"

"చార్జింగ్ పెట్టినంక ఏమన్న రాయి. నువ్వు 'అ' నొక్కితే 'ఆ' పడ్డదనుకో, ఆ కరెంటు శుభ్రంగ లేదు." ఆగి, ఒక చార్జర్ నా అరచేతిలో పెట్టాడు. "ఇవన్ని తర్వాత. ముందుగాల బరువు. లోపల సామాను నిండుగుంటేనే బరువుంటది. మీ తాత సంతల కోడిని గిట్లనే పట్టి చూస్తుండె. ఈకలు చూసి మోసపోతం గని, బరువు చూసి మోసపోం."

పొయ్యి దగ్గరినుంచి చిన్నమ్మ నవ్వింది. "సంతకు తెచ్చే కోడికి గొంతుదాక గింజలు కుక్కి తెస్తరు. మీ నాయినకు అది ఎరుకలేదేమో."

"నువ్వు కూర సంగతి చూస్కో."

ఆ పని నాకు నచ్చింది. వాళ్ళు తాళం వేసి వెళ్ళాక పెట్టె విప్పి, ఒక్కొక్కటే పెట్టి చూసేదాన్ని. కాక కూడా మొదట్లో నేను వద్దన్నవి నిజంగానే పక్కన పెట్టేవాడు. "మా ఇంజనీరు పాస్ చెయ్యలే," అని చిన్నమ్మతో అనేవాడు. ఎవరికీ కనపడని నాకు ఆ మాట పండుగలా ఉండేది.

ఎండలు ముదిరాక ఆ లాటు వచ్చింది. తెల్లటి చార్జర్లు, పెద్ద కంపెనీ వాటిలా నున్నగా ఉన్నాయి. కాక తన దగ్గరున్నదంతా వాటి మీదే పెట్టాడని చిన్నమ్మ ముఖం చూస్తే తెలిసింది. ఆటోలోంచి దించుకున్న పెట్టెను గదిలో విప్పి, రెండు చేతుల్లో రెండు పట్టుకొని ఊపాడు.

"పట్టి చూడు బిడ్డా. పెట్ట లెక్కుంది!"

నిజంగానే బరువుగా ఉన్నాయి. పిన్నులు గట్టిగా కూర్చున్నాయి. కానీ మీటరు నిలవలేదు. పాత ఫోన్‌లో నా పేరు రాయబోతే అక్షరాలు వేరేవి పడ్డాయి. చార్జర్ మీద ప్రభుత్వ ముద్ర ఉంది, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంది. ఆ నంబరు ఎవరిదో చెప్పే యాప్ ఉందని మా ఫిజిక్స్ మేడం ఒకసారి చూపించింది. నా ఫోన్‌లో కొట్టి చూశాను.

"కాకా, ఈ నంబరు బల్బులు చేసేటోళ్ళదని వస్తుంది. అన్నిటికీ ఇదే నంబరు."

"నంబరు అచ్చేసుడెంతసేపు? అటుదిటు పడ్డదేమో. బరువు అచ్చేస్తరా ఎవలన్న?"

"తెర కూడా ఆడుతుంది."

"ఆ ఫోన్ ముసల్దైంది బిడ్డా. తెరనే ఖరాబు."

నేను పక్కన పెట్టిన చార్జర్లను ఏరి మళ్ళీ పెట్టెలో వేశాడు. నవ్వుతూనే వేశాడు. ఆ రోజునుంచి నా పని వాటిని కవర్లలో పెట్టి మూతి అంటించడం.

రెండు రోజులకు సాయంత్రం తలుపు కొట్టిన చప్పుడైంది. ఎవరొచ్చినా నేను బాత్రూంలోకి వెళ్ళి నిలబడాలి. నిలబడ్డాను. ఎలిజబెత్ గొంతు, గోడ అడ్డం లేకుండా వినడం అదే మొదటిసారి.

"భాస్కర్ గారూ, నా చార్జర్ పోయిందండి. మంచిది ఒకటివ్వండి. పగలు పడుకున్నప్పుడు తల పక్కనే పెట్టుకుంటాను, అందుకని."

"మీకు మంచిదే ఇస్త మేడం. కొత్త మాలు. పట్టి చూడుండ్రి, బరువు చూడుండ్రి."

"బాగుందండి. అయితే రెండివ్వండి. మా వార్డులో ఆయమ్మ కూడా అడుగుతోంది."

బాత్రూం కొళాయిలోంచి చుక్కలు పడుతున్నాయి. నేను కొళాయిని రెండు చేతులతో బిగించి పట్టుకొని నిలబడ్డాను.

*

అది మధ్యాహ్నం. కాక మరో పెట్టె నింపమన్నాడు. అయినా మనసొప్పక ఒక తెల్ల చార్జర్‌ను బాక్సుకు పెట్టి, పాత ఫోన్‌ను తగిలించి, అన్నం వండుకుందామని బియ్యం కడుగుతున్నాను. వెనక "టప్" మంది. గోరు కాలినట్టు వాసన. తిరిగి చూసేసరికి చార్జర్ తెల్లటి పొట్ట గోధుమ రంగుకు తిరిగి, బాక్సు మీదికి కారుతోంది. దాని కింద బొంత అంచు రాజుకుంది.

గోడ దగ్గర స్విచ్ ఆపాను. బియ్యం గిన్నె అట్లాగే బొంత మీద కుమ్మరించాను. మంట చిన్నదే, ఆరిపోయింది. పొగ మాత్రం చిన్నది కాదు. ఆ స్విచ్‌తోనే కూలర్ కూడా ఆగింది. గదిలో గాలి కదలడం మానేసింది. తలుపు దగ్గరికి పోయి, తాళం బయట ఉందని గుర్తొచ్చి ఆగాను. కూలర్ ముందు జాలీకి ముఖం ఆనించి, తడి గడ్డిలోంచి వచ్చే కాస్త గాలిని పీల్చాను. దగ్గు వస్తే చున్నీ కొంగు నోట్లో కుక్కుకున్నాను. పైన కొమురమ్మ నడుస్తోంది.

పొగ కాస్త పలచబడ్డాక, చల్లారిన చార్జర్‌ను నేల మీద పెట్టి కారం నూరే బండతో కొట్టాను. పగిలింది. లోపల వేలి గోరంత పచ్చ పలక. దాని మీద రెండు మూడు ముక్కలు. మిగిలిన చోటంతా బంకతో అతికించిన ఇనుప ముక్క. దేనికీ తగలదు, ఏ తీగా దానికి పోదు. ఊరికే బరువు కోసం పెట్టింది.

గోడలోంచి వచ్చే కరెంటు ఒక వైపు, ఫోన్‌కు పోయే కరెంటు ఒక వైపు ఉండాలని, రెంటి మధ్య గట్టులాగా ఖాళీ ఉండాలని మేడం బొమ్మ వేసి చెప్పింది. ఇక్కడ ఆ రెంటి మధ్య ఒక గీత కూడా లేదు. ఫోన్ పట్టుకున్న చేతికీ గోడలోని కరెంటుకూ నడుమ ఏమీ లేదు.

కాకకు ఫోన్ చేశాను. వెనక బస్సుల మోత.

"కాకా, ఒకటి కాలిపోయింది."

"అయ్యో! నీకేమన్నయిందా?"

"లేదు. ఆర్పిన. లోపల ఇనుప ముక్క పెట్టిండ్రు కాకా. బరువు అందుకే."

అవతల ఎవరో ఏదో అడిగితే "ఆగన్నా" అన్నాడు.

"పక్క అక్క దగ్గర ఇదే ఉంది," అన్నాను. "పొద్దుగాల వచ్చి పడుకుంది, ఇంకా లేవలే."

"ఆమెకు నేను ఫోన్ చేస్త. నువ్వు మాత్రం నోరు మెదపకు. ముసల్దానికి ఎరుకైతే ఇల్లు పోతది. నడి ఎండల యాడ దొరుకుతది ఇల్లు? నువ్వు ఆడ లేవు బిడ్డా, యాదుందా?"

మధ్య తలుపు దగ్గర అట్టపెట్టెల మీదికి వంగి చెవి పెట్టాను. కాస్సేపటికి అవతల ఫోన్ గుర్రుమని వణికింది. మోగలేదు, వణికింది అంతే. పడుకునేటప్పుడు ఆమె మోత తీసేస్తుంది. వణికి ఆగింది. మళ్ళీ వణికింది. ఆ చప్పుడు మంచం చెక్క మీదినుంచి వస్తోంది. అంటే ఫోన్ ఆమె పక్కనే ఉంది. మూడోసారి వణికి ఆగిపోయాక ఇక ఏమీ వినిపించలేదు.

వేళ్ళతో తలుపు కొట్టాను. నాకే సరిగ్గా వినపడలేదు. "అక్కా" అన్నాను. గొంతులో పొగ ఉంది, మాట లేదు. చిన్నమ్మ ఈ ఇంటికోసం బోరబండంతా ఎట్లా తిరిగిందో చెప్పింది నాకు. నేను తలుపు వదిలి వెనక్కి వచ్చి, తడిసిన బొంత పక్కన కూర్చున్నాను కూడా.

తర్వాత కారం బండ తీసుకొని లేచి, తలుపును కొట్టాను.

"అక్కా! లేవుండ్రి! చార్జర్ పీకెయ్యుండ్రి!"

పైన అడుగులు ఆగిపోయాయి. నేను ఆపలేదు.

"ఎవరూ? ఎవరండీ అక్కడ?" ఎలిజబెత్ గొంతు, నిద్రలోంచి.

"కాక ఇచ్చిన తెల్ల చార్జర్ తియ్యుండ్రి అక్కా. ఫోన్ ముట్టకుండ్రి. ముందు గోడకున్న స్విచ్ ఆపుండ్రి."

టక్ మన్న చప్పుడు. "ఆపాను. వాళ్ళింటికి తాళం ఉందిగా! నువ్వెవరమ్మా?"

"లోపల నేనున్నా."

"ఆ పొగ వాసన మీ దగ్గర్నుంచా? అయ్యో తల్లీ! నీ వైపు గడియ తియ్యి. ఉండు, నా బీరువా అడ్డం ఉంది."

పెట్టెలు లాగేశాను. గడియ తుప్పు పట్టి ఉంది, దాన్ని కూడా బండతోనే కొట్టాను. అవతల బీరువా కిర్రుమంటూ జరిగింది. మూరెడు సందు తెరుచుకుంది. ఇన్నాళ్ళూ విన్న గొంతుకు ఒక ముఖం ఉంది. గుండ్రటి ముఖం, ఊడిపోయిన జడ. ఆమె నా చెయ్యి పట్టుకొని ఇవతలికి లాగింది.

ఆమె చార్జర్ ఇంకా గోడకే ఉంది. వేలు ఆనించి చూశాను. కాస్త వేడిగా ఉంది, అంతే. అది అంటుకునేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పటికే కొమురమ్మ మెట్లు దిగి వచ్చి, ఎలిజబెత్ గుమ్మంలో నిలబడింది.

"పొగ యాడికెల్లే? ఈ పిల్లెవరు?"

"మా చెల్లెలి కూతురండి," అంది ఎలిజబెత్ వెంటనే. "ఇప్పుడే వచ్చింది."

"నీ చెల్లె బిడ్డకు మొఖమంత మసేంది?"

కొమురమ్మ బయటికి వంగి మా తలుపు వైపు, దాని తాళం వైపు చూసింది. తర్వాత పక్కకు జరిగిన బీరువాను, మూరెడు సందును చూసింది. ఎలిజబెత్ నా చెయ్యి నొక్కింది, ఊరుకోమన్నట్టు.

"భాస్కర్ కాక అన్న బిడ్డను," అన్నాను. "నేను ఆ లోపల్నే ఉంట."

"ఎప్పటి సంది?"

"పరీక్షలైనప్పటి సంది."

ఆమె తిడుతుందనుకున్నాను. గుమ్మం మీద కూర్చుండిపోయింది. "కొట్టంల బర్రెను కట్టేసినా, నిప్పంటుకుంటే తాడు తెంపుకొని పోతది. తాళమెట్ల తెంపుకుంటవు పిల్లా?" అంది. తర్వాత ఎలిజబెత్‌తో, "దీనికి నీళ్ళియ్యి," అంది.

*

చిన్నమ్మ ముందు వచ్చింది. కాలిన బొంతను చూసి, నా తలను తన పొట్టకు అదుముకుంది. కాక రాగానే అడిగింది. "మీ అన్నకు ఏమని చెప్తుంటివయ్యా? తాళమేసి పోయిన అని చెప్తుంటివా?"

కొమురమ్మ మెట్ల మీదే నిలబడి మాట్లాడింది. "నెల నిండంగనే ఖాళీ చెయ్యి భాస్కర్."

"అవ్వా, ముగ్గురమైనం గంతే గదా. జర ఆలోచించు."

"ముగ్గురున్నరని కాదు. నా ఇంట్ల ఒక పిల్ల సచ్చిపోతుంటే, నేను పైన కూసోని ఇంట్ల ఎవలు లేరనే అనుకుంటుంటి." అంతే అని పైకి వెళ్ళిపోయింది.

కాక నావైపు చూడలేదు. చిన్న స్క్రూడ్రైవర్ తీసుకొని లాటులోంచి ఒక చార్జర్ విప్పాడు. ఇనుప ముక్క. ఇంకోటి విప్పాడు. ఇంకోటి. ఒక్కటైనా మంచిది దొరుకుతుందేమోనని అడుగునుంచి, మధ్యనుంచి ఏరి ఏరి విప్పాడు. "నోరు మూసుకొని ఉండమంటి గదా," అన్నాడు ఒకసారి, నాతోనో ఇనుముతోనో. నేను పక్కన కూర్చొని, విప్పిన డొప్పలు దూరంగా జరిపాను.

అప్పుడు ఎలిజబెత్ డ్యూటీకి తయారై, తన చార్జర్ తిరిగి ఇవ్వడానికి వచ్చింది.

"ఆయమ్మకి ఫోన్ చేశానండి, తీసేసింది. ఇంద, ఇది మీది." ఆమె గొంతులో కోపం లేదు. "మిగతావి ఎవరెవరికి ఇచ్చారండి?"

కాక చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. వాళ్ళకు ముఖాలు లేవు. రైలు దిగి, తీసుకొని, ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయినవాళ్ళు.

"ఏమో మేడం," అన్నాడు. "ఏమో."

*

మరునాడు నన్ను దాచాల్సిన పని లేదు. కాక నన్ను బండి దగ్గరికి తీసుకుపోయాడు. అన్ని రోజుల తర్వాత అంత వెలుతురు చూడలేక కళ్ళు నీళ్ళు కారాయి. అద్దాల మేడలు ఎండను మా మీదికే విసురుతున్నాయి. లాటు వెనక్కి ఇద్దామంటే హోల్‌సేల్ వాడు ఫోన్ ఎత్తడం లేదు. దాన్ని సంచిలో కట్టి బండి కింద పెట్టాడు కాక. పైన వేరే చార్జర్లు కొన్నే ఉన్నాయి.

ఆఫీసుల వేళ. రైలు వచ్చినప్పుడల్లా మెట్ల మీదినుంచి మనుషులు కుమ్మరించినట్టు దిగుతున్నారు. కాక బండి వదిలి మెట్ల దగ్గరికి పోయాడు.

"అన్నా, ఈ నెలల నా దగ్గర తెల్ల చార్జర్ కొన్నరా? తెచ్చియ్యుండ్రి, వేరేదిస్త. మేడం, మీరు కొన్నరా? ఉత్తగనే మారుస్త మేడం."

ఎవరూ ఆగలేదు. ఒకామె సంచిని చంకలోకి లాక్కొని నడక పెంచింది. చెప్పుల బండి గోవిందప్ప పగలబడి నవ్వాడు. "ఏందిరో భాస్కర్, కొత్త స్కీమా? నాకూ చెప్పు, పాత చెప్పులు తెమ్మంట!"

ఇంకో రైలు. కాక గొంతు బొంగురుపోయింది. వచ్చే ముఖంలోకల్లా వంగి వంగి చూస్తున్నాడు. పెళ్ళిలో తప్పిపోయిన పిల్లను వెతికేవాడిలా ఉన్నాడు. నేను బండి చాటునుంచి వచ్చి, ఆయన పక్కన నిలబడ్డాను.

"అన్నా," అన్నాను. ఆ మోతలో ఎవరికీ అందలేదు. ఊపిరి పీల్చుకొని ఈసారి అరిచాను. "అన్నా! ఈడ తెల్ల చార్జర్ కొన్నోళ్ళు దాన్ని వాడకుండ్రి! తల పక్కన పెట్టుకోకుండ్రి! తెచ్చిస్తే మారుస్తం!"

మెడలో ఐడీ కార్డు వేలాడుతున్న ఒకాయన ఆగాడు. నా వైపు చూసి, ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీశాడు.

"చార్జర్ ఎంత?" అన్నాడు.